బొమ్మ జుట్టు నూనె తాగదు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఊరికి వెళ్లేవాళ్ల సూట్‌కేసుల్లో బాదంపప్పు, చాక్లెట్ల మధ్య చాలాసార్లు ఒక బొమ్మ కూడా ఉంటుంది. సూర్యాపేటలో మేనకోడలికో, కోదాడలో అక్క మనవరాలికో, మిర్యాలగూడలో చిన్నమ్మ ఇంటి పిల్లలకో. చిన్నపిల్లలు ఏది తెచ్చినా సంబరపడతారు గానీ, ఆరేడేళ్ల ఆడపిల్లలు మాత్రం జుట్టున్న బొమ్మే కావాలంటారు. జడ వెయ్యాలి, పాపిడి తియ్యాలి, రిబ్బను కట్టాలి. ఆ సరదా తీరేలోపే జుట్టు చిక్కుపడుతుంది, చివర్లు గరుకెక్కుతాయి. ఇక ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసిన వైద్యం మొదలవుతుంది.

మిర్యాలగూడ నుంచి చిన్నమ్మ వీడియో కాల్‌లో బొమ్మను చూపించి అడిగింది: "జుట్టు గింత ఎండిపోయిందేందే? జర కొబ్బరినూనె పెడితే మంచిగైతది గద?"

"వద్దు చిన్నమ్మా, నూనె అసలే వద్దు" అన్నాను. ఆమె నమ్మలేదు. తలకు నూనె పెట్టని ఇల్లు మన దగ్గర ఉంటుందా? పిల్లను ముందు కూర్చోబెట్టుకుని మాడుకు నూనె అద్దడం మనకు ప్రేమ చూపించే పద్ధతి. ఆ ప్రేమే బొమ్మ మీదికీ పోతుంది, అది సహజం. అయితే బొమ్మ జుట్టు మన జుట్టు కాదు. కొబ్బరినూనె మన వెంట్రుకలోకి కొంత ఇంకుతుంది. బొమ్మ తల మీద ఉన్నది చాలావరకు ప్లాస్టిక్ పోగు, దానిలోకి నూనె పోదు. పైపైనే ఉండి దుమ్ము పడుతుంది, జిడ్డవుతుంది, పోగులను ఒకదానికొకటి అంటిస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కంటే కిందికి దిగితే గడ్డకడుతుంది కాబట్టి, ఇక్కడ న్యూజెర్సీ చలికి అది కుదుళ్ల దగ్గర తెల్లగా మైనంలా పేరుకుంటుంది. అక్కడ మిర్యాలగూడలో మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండకు కరిగి బొమ్మ నుదుటి మీదికి, కనుబొమల రంగు మీదికి దిగుతుంది. బొమ్మ తల మెత్తగా ఉండడానికి వినైల్‌లో ముందే ఒక నూనెలాంటి రసాయనం కలుపుతారు. పాత బొమ్మలు ఎండలో ఉంటే ముఖం జిగటగా తయారయ్యేది అది బయటికి రావడం వల్లే. దాని మీద ఇంకో నూనె ఎందుకు?

అందుకే ఏ సీసా కొనాలన్న ప్రశ్న కంటే ముందు, ఆ జుట్టు దేనితో చేశారో తెలుసుకోవాలి. మా అమ్మమ్మ కాలంలో ఈ చిక్కు లేదు. గుడ్డబొమ్మకు నల్లదారం కుచ్చు కుట్టేవాళ్లు, లేదంటే దువ్వెనకు వచ్చిన వెంట్రుకల ఉండ పెట్టేవాళ్లు. ఆ ఉండలనే గోడ సందులో దాచి, వీధిలోకి వెంట్రుకలు కొనేవాడు వస్తే ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్లు కూడా. కోదాడ నుంచి విజయవాడ పోయే దారిలో తగిలే కొండపల్లి బొమ్మలకైతే జుట్టు రంగుతోనే వేసి ఉంటుంది, దువ్వాల్సిన పనే లేదు. దువ్వుకునే జుట్టు బార్బీ లాంటి బొమ్మలతో మన ఇళ్లలోకి వచ్చింది. 1959లో న్యూయార్క్‌లో బార్బీని మొదట చూపించినప్పుడు దాని జుట్టు సరాన్ అనే పోగుతో చేసింది. 1933లో డౌ కెమికల్ ప్రయోగశాలలో బయటపడ్డ ప్లాస్టిక్ అది. జపాన్‌లో కనెకా కంపెనీ 1957లో కనెకలాన్ తెచ్చింది. ఇప్పటికీ బొమ్మల విగ్గులకూ, మనుషుల విగ్గులకూ అది వాడతారు. కొంచెం ఖరీదైన బొమ్మలకు అంగోరా మేక బొచ్చు, అంటే మోహెయిర్, లేదా నిజమైన వెంట్రుకల విగ్గులుంటాయి. ఇవి ఒకదానికి పడ్డది ఇంకోదానికి పడదు. పెట్టె మీద రాసి లేకపోతే విగ్గు వెనక నుంచి ఒక్క పోగు తీసి, పిల్లలు లేనప్పుడు, నీళ్ల గిన్నె మీద పట్టి అంటించి చూడొచ్చు. ప్లాస్టిక్ అయితే కరిగి గట్టి పూసవుతుంది. వెంట్రుకైతే కాలిన జుట్టు వాసన వచ్చి వేళ్ల మధ్య బూడిద అవుతుంది.

ప్లాస్టిక్ జుట్టుకు నా లెక్కలో మంచినీళ్లను మించిన స్టైలింగ్ సరుకు లేదు. చిన్న స్ప్రే సీసాలో నీళ్లు పోసి జుట్టు మీద చల్లి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టాలి. ఒక చేత్తో కుదుళ్ల దగ్గర గట్టిగా పట్టుకుంటే పోగులు ఊడవు. ఆ దువ్వెన బొమ్మకే ఉంచాలి, మన తల దువ్విన దువ్వెనలోని జిడ్డంతా దానికి అంటుతుంది. మరీ మురికిపడితే విగ్గు ఊడేదైతే ఊడదీసి, లేకపోతే ముఖానికి పాలిథిన్ చుట్టి, గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల బేబీ షాంపూ వేసి, రుద్దకుండా ముంచి తీయాలి. మేక బొచ్చునైతే వేడినీళ్లలో రుద్దితే ఉండకట్టి మళ్లీ విడదు. కడిగాక తువ్వాలలో అద్ది, తడి ఉండగానే జడ వేసి నీడలో వదిలేస్తే ఆరేసరికి ఆ వంపు కొంతవరకు నిలుస్తుంది. స్ట్రెయిటెనర్, వేడి గాలి మిషను మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. పోగు కరిగిపోతే మళ్లీ బాగుచేయడానికి ఏమీ ఉండదు.

హెయిర్ స్ప్రే గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. చాలా డబ్బాల్లో ఆల్కహాలు, దాన్ని బయటికి తోసే మండే గ్యాసు ఉంటాయి. ఆల్కహాలు పెదవుల రంగును, కళ్ల రంగును చెరిపేయొచ్చు. మిగిలిన జిగురు దుమ్మును పట్టుకుంటుంది. అంతకంటే పెద్ద భయం దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువు. మెట్ల మీద దీపాలు వెలుగుతుంటే పక్కనే అప్పుడే స్ప్రే కొట్టిన ప్లాస్టిక్ జుట్టు బొమ్మను ఎవరైనా నిలబెడతారా? సిలికాన్ సీరమ్‌తో మెరుపు వస్తుంది గానీ కడిగినా పూర్తిగా పోదు. చెదిరే పోగులు అణచాలంటే ఆల్కహాలు లేని, నీళ్లతో పోయే జెల్ ఒక చుక్క చాలు. అదీ మొదట వెనకవైపు కింది భాగంలో రాసి, ఒక రోజు చూసి.

ఇంకో పని గుండె దడ పుట్టిస్తుంది. బంగారు రంగు జుట్టు మనింటి పెళ్లికూతురికి నప్పదని, దాన్ని నల్లగా మార్చాలని ఇంట్లో ఉన్న హెయిర్ డై ప్యాకెట్ విప్పడం. ఆ రంగు ప్లాస్టిక్ పోగుకు సరిగ్గా పట్టదు, పిల్లల వేళ్లకు పడుతుంది. చాలా నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం చర్మానికి పడకపోతే బొబ్బలెక్కిస్తుంది. మింగితే గొంతు, నాలుక వాచి ఊపిరాడదు, కండరాలు, కిడ్నీలు దెబ్బతింటాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో డాక్టర్లకు బాగా తెలిసిన విషం అది. బొమ్మ జడ చివర నోట్లో పెట్టుకోని చంటిపిల్ల ఎక్కడుంది? నల్లజుట్టు కావాలంటే నల్ల విగ్గే కొనండి.

అమెరికాలో 2008లో వచ్చిన చట్టం పిల్లల బొమ్మల్లో వినైల్‌ను మెత్తబరిచే కొన్ని థాలేట్లను 0.1 శాతానికి మించనివ్వదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరలో కొన్నా, మాల్‌లో కొన్నా ఆ గుర్తు చూసి కొనమని మావాళ్లకు చెప్తుంటాను. అయితే ఆ పరీక్షలన్నీ బొమ్మ ఇంటికి వచ్చేదాకానే. ఆ తర్వాత దాని తలకు మనం రాసేదాన్ని ఏ అధికారీ పరీక్షించడు.

బొమ్మల పెండ్లి ఆడేటప్పుడు పసుపు, కుంకుమ ముఖానికి పూయకుండా చీర కొంగుకు అద్దమనండి. కుంకుమ ఎరుపు వినైల్‌లోకి దిగితే పోదు. తడి కనకాంబరాలకు బదులు గుడ్డపూల జడ వేస్తే జుట్టుకు మరక పట్టదు.

చిన్నమ్మ ఇప్పుడు తన పాత సవరం విప్పి మనవరాలి బొమ్మకు విగ్గు కుడుతోంది. అవి నిజం వెంట్రుకలే కదా, దీనికైనా నూనె పెట్టొచ్చా అని మొన్న అడిగింది. షాంపూతో కడిగి, కొంచెం కండిషనర్ రాసి బాగా జాడించమన్నాను. నూనె రాస్తే వెంట్రుకకు ఏమీ కాదు గానీ బొమ్మ ముఖానికి అంటుతుంది. అందుకని విగ్గును తీసి పెట్టుకునేలా, మాడు చుట్టూ ఎలాస్టిక్ వేసి కుట్టమన్నాను.