మల్లెకు చలికాలమే మూలం

ఎండలు ముదిరాక మూర మల్లెపూలు ఏ వీధి చివరైనా దొరుకుతాయి. ఉగాది రాకముందే మన పెరటి పొదలో తొలిమొగ్గ కనబడితే ఆ సంబరమే వేరు. అయితే ఆ తొలిపూత కోసం పాటుపడాల్సింది చలికాలంలో.

మల్లె కొత్త చిగురు మీదే మొగ్గ తొడుగుతుంది. ముదురు కొమ్మలను అలాగే వదిలేస్తే పొద గుబురుగా పెరుగుతుందే గాని పూత పలచబడుతుంది. అందుకే మైలవరం వంటి చోట్ల మల్లెతోటలు పెంచే రైతులు కార్తీకం దాటేసరికి నీళ్లు ఆపి మొక్కను వాడనిస్తారు. ఆకు రాల్చి, నేలకు మూరెడు ఎత్తున కొమ్మలు కత్తిరిస్తారు. పెరటి మొక్కకైనా, కుండీలో మొక్కకైనా పద్ధతి ఇదే. పచ్చని పొదకు కత్తెర పెట్టడానికి చేయి రాదు, నిజమే. కానీ మల్లెకు ఆ విశ్రాంతే బలం.

సంక్రాంతి వెళ్లాక పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నీళ్లు పెట్టాలి. మోడుగా నిలిచిన కొమ్మకు కణుపు కణుపునా ఇరువైపులా జంటగా చిగురు పొడుచుకొస్తుంది. ఆ రెమ్మల కొసన సాధారణంగా మూడేసి మొగ్గలు. ముందు విచ్చేది నడిమిది. ఆకుపచ్చగా, గట్టిగా ఉన్న మొగ్గ పాలరంగుకు తిరిగిందంటే ఆ సాయంత్రమే విచ్చుకుంటుంది. మాల కట్టేవాళ్లు పొద్దున్నే కోసేది అందుకే. విచ్చే వేళకే పరిమళం పొంగుతుంది.

మొక్కకు కనీసం సగం పూటైనా ఎండ తగలాలి. నీడలో ఉన్న మల్లె ఆకులకే పరిమితం. ఈనెలు పచ్చగా ఉండి లేతాకు పసుపు తిరిగితే ఇనుము చాలలేదని అర్థం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లితే కోలుకుంటుంది. మొగ్గకు చిల్లు కనబడితే లోపల పురుగున్నట్టే. దాన్ని వెంటనే తుంచి దూరంగా పారేయాలి.

ఇంతకు మించి మల్లె అడిగేదేమీ లేదు. ఇంట్లో పొద ఉన్నవాళ్లు ఈ నవంబరు చివర జాలిపడకుండా కత్తెర పట్టండి. లేనివాళ్లు ఓ గుండుమల్లె అంటు తెచ్చి ఎండ తగిలే చోట నాటండి.