స్టీల్ డబ్బాలో ఫోన్లు

నర్సులు డ్యూటీలో ఉన్నప్పుడు సొంత సెల్‌ఫోన్ దగ్గర ఉంచుకోవచ్చా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ వార్డుకు ల్యాబ్ రిపోర్టు ఎవరి ఫోనులో వస్తుంది? ఒకప్పుడైతే ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఉంచుకోకూడదు, అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను చేసిన పనికి ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

అప్పట్లో ఉస్మాన్‌గంజ్ సందుల్లో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నేను వార్డు ఇన్‌చార్జిని. మొజంజాహీ మార్కెట్ దగ్గర బస్సు దిగి నడిచి వెళ్లేదాన్ని. పొద్దుటి షిఫ్టు వేళకు లారీల నుంచి బస్తాలు దిగుతుండేవి. ఎండుమిర్చి ఘాటు కిటికీలు మూసినా లోపలికి వచ్చేది. మా పేషెంట్లలో చాలామంది హమాలీలు, ట్రాలీ ఆటోలవాళ్లు, దుకాణాల్లో గుమాస్తాలు. ఉస్మానియా ఆసుపత్రి నడిచి పోయేంత దూరంలోనే ఉన్నా, అక్కడి రద్దీకి జంకి, చేతిలో నాలుగు డబ్బులుంటే మా మెట్లెక్కేవాళ్లు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అంతకుముందు నర్సు చేతిలో ఫోనంటే ఇంటికి రెండు మాటలు మాట్లాడటమే, నిమిషానికింతని బ్యాలెన్స్ కోసేవాళ్లు. ఆ తర్వాత సినిమా పాటలు, వీడియోలు, గ్రూపులు, అన్నీ ఏప్రాన్ జేబులోకి వచ్చేశాయి. నైట్ డ్యూటీలో అందరి ముఖాల మీదా ఆ నీలం వెలుగే. నాకు ఒళ్లు మండేది.

అలాంటి రోజుల్లోనే ఒక పొరపాటు జరిగింది. ఒక సిస్టర్ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చింది. చార్టులో సంతకం పెట్టబోతుంటే ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి సంతకం సంగతి మరిచిపోయింది. కాసేపటికి ఇంకో సిస్టర్ చార్టు చూసి, ఇవ్వలేదనుకుని అదే మందు మళ్లీ ఇచ్చింది. దేవుడి దయవల్ల పేషెంటుకు ఏమీ కాలేదు. నాకు మాత్రం కారణం చేతికి చిక్కినట్టయింది. ఆ సాయంత్రమే బేగంబజార్‌కు వెళ్లి గొళ్లెం ఉన్న స్టీల్ డబ్బా ఒకటి, చిన్న తాళం ఒకటి కొన్నాను. డ్యూటీ ఎక్కగానే ఫోను డబ్బాలో వేయాలి, దిగేటప్పుడు తీసుకోవాలి. తాళంచెవి నా పర్సులో. రాత్రిపూట ఇంట్లో చెప్పుకోవాల్సిందేమైనా ఉంటే రిసెప్షన్ ల్యాండ్‌లైన్ ఉంది కదా అన్నాను.

ఆ ఇంజెక్షన్ సంగతి నేను సగమే చదివానని అప్పుడు తెలియలేదు. ఫోను మోగడం నిజమే. కానీ ఆ పూట ఆ అమ్మాయి ఒక్కతే అన్ని మంచాలు చూస్తోంది. చార్టులు పేషెంటు మంచానికి కాక నా టేబుల్ మీద ఉండేవి, ఎందుకంటే నాకు అలా ఉంటేనే వీలు. ఇంజెక్షన్ ఇచ్చిన చోటు నుంచి సంతకం పెట్టే చోటికి ఆమె వార్డంతా దాటి రావాలి. ఆ దారిలో ఎవరు పిలిచినా ఆగాలి. ఎక్కువసార్లు పిలిచేది నేనే. "సిస్టర్, ఇటు రా" అని వార్డు ఈ చివరి నుంచి కేకేయడం నాకు అలవాటు. 2010లో ఒక అధ్యయనం వెలువడింది. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిస్తుండగా పక్కన నిలబడి గమనించారు. పనికి ఒక్కో అంతరాయం కలిగిన కొద్దీ వైద్యపరమైన తప్పులు 12.7 శాతం చొప్పున పెరిగాయని తేలింది. అంతరాయమంటే ఫోను ఒక్కటే కాదు, మనుషులు కూడా. ఇది నేను చాలా ఆలస్యంగా చదివాను. అప్పుడే చదివి ఉంటే డబ్బాలో ముందు నా గొంతు వేయాల్సి వచ్చేది.

నా ఫోను డబ్బాలో వేయలేదు. ఇన్‌చార్జిని కదా, అవసరం ఉంటుంది అనుకున్నాను. అవసరం ఉండేది కూడా. కానీ డాలస్‌లో ఉన్న కూతురు పంపే మనవడి ఫొటోలు కూడా ఆ ఫోనులోనే వచ్చేవి, రౌండ్స్ మధ్యలో చూసుకునేదాన్ని. చంటిపిల్లాడిని అత్తగారి దగ్గర వదిలి వచ్చే ఒక సిస్టర్, పిల్లాడికి జ్వరంగా ఉందని రిసెప్షన్ ఫోను కోసం గంటకోసారి మెట్లు దిగి వెళ్తుంటే, "ఎక్కడికమ్మా మాటిమాటికీ" అన్నది కూడా నేనే. కొందరు పాత నోకియా ఒకటి తెచ్చి డబ్బాలో వేసి, అసలు ఫోను సాక్సులో దాచుకునేవాళ్లట. తర్వాత తెలిసింది. అది తెలియని నేను, సాయంత్రం డబ్బా నిండుగా కనబడితే తృప్తిగా తాళం వేసేదాన్ని. వార్డు నా చేతిలో ఉందనుకున్నాను.

ఒక రాత్రి ఒక పేషెంటు చేరాడు. ఉస్మాన్‌గంజ్‌లోనే బస్తాలు మోసే మనిషి, యాభై దాటి ఉంటాయి. కిడ్నీలు పాడై డయాలిసిస్ మీద ఉన్నాడు. పండక్కి ఊరెళ్లి ఒక విడత మానేసి, కాళ్లు లాగుతున్నాయని వచ్చాడు. రక్తం తీసి బయటి ల్యాబ్‌కు పంపారు. నేను హ్యాండోవర్ ఇచ్చి, డబ్బాకు తాళం వేసి, ఎనిమిదింటికి ఇంటికి వెళ్లిపోయాను.

మా దగ్గర ల్యాబ్ రిపోర్టు ఎలా వచ్చేదో ఇక్కడ చెప్పాలి. కాగితం తెల్లారి వచ్చేది. అత్యవసరమైతే ల్యాబ్ కుర్రాడు రిపోర్టు ఫొటో తీసి, డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు వాట్సాప్‌లో పెట్టేవాడు, వెంటనే ఫోను చేసేవాడు. ఈ ఏర్పాటు ఎవరూ రాసి పెట్టలేదు. డాక్టర్లు ఆర్డర్లు చెప్పేదీ అలాగే, ఈసీజీ ఫొటో డాక్టరుకు వెళ్లేదీ అలాగే, బ్లడ్‌బ్యాంకు నుంచి కబురొచ్చేదీ అలాగే. అన్నీ నర్సుల సొంత నంబర్ల మీద నడిచేవి. డబ్బా పెట్టిన నాడు ఇవన్నీ ఏమవుతాయని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. నాకు ఫోనంటే పాటలూ కబుర్లే.

ఆ రాత్రి సిస్టర్ నల్గొండ వైపు అమ్మాయి. మాట వినే పిల్ల. తన ఒక్క ఫోనూ నిజాయతీగా డబ్బాలో వేసింది. పదకొండింటికి ల్యాబ్ కుర్రాడు రిపోర్టు పెట్టాడు. పొటాషియం 7.2. మామూలుగా అది 5 లోపు ఉండాలి, 7 దాటితే గుండె ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేం. ఫోను చేశాడు, ఎత్తలేదు. ల్యాండ్‌లైన్‌కు చేశాడు, రిసెప్షన్ కుర్రాడు కింద అంబులెన్స్ దగ్గర ఉన్నాడు. మళ్లీ సిస్టర్ ఫోనుకే చేశాడు. తాళం వేసిన డబ్బాలో, సైలెంటులో, అది ఎవరికీ వినబడలేదు.

ఆ మనిషిని కాపాడింది ఆ అమ్మాయి కళ్లు. మానిటర్ మీద గీతల్లో టీ వేవ్‌లు గుడారాల్లా నిలబడటం చూసింది. కాలు కదపమంటే కదపలేకపోయాడు. పక్కన కూర్చున్న పేషెంటు కొడుకు ఫోను అడిగి తీసుకుని, నోటికి వచ్చిన నంబరు కొట్టి డ్యూటీ డాక్టరును పిలిచింది. కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చారు, గ్లూకోజ్‌తో ఇన్సులిన్ ఎక్కించారు. తెల్లవారకముందే డయాలిసిస్ ఉన్న పెద్దాసుపత్రికి పంపారు. బతికాడు.

పొద్దున నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి డ్యూటీ దిగకుండా నా టేబుల్ దగ్గర నిలబడి ఉంది. డబ్బా తెరిచాను. తన ఫోను తీసుకుని, చూసి, నా ముందు పెట్టింది. "మేడమ్, పదకొండు గొట్టంగనే వచ్చింది." అంతే అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది, నేనూ అరిచి ఉండేదాన్ని.

తెర మీద ల్యాబ్ పేరు, దాని కింద మిస్డ్ కాల్స్, వాటి మధ్య ఆ రిపోర్టు ఫొటో. ఫొటోలో 7.2 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు ఆ కుర్రాడు. కింద "అర్జెంట్ సిస్టర్" అని, దాని కింద "చూశారా" అని, మళ్లీ "చూశారా" అని. ఆ ఫోను ఎంతసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డానో గుర్తులేదు. నేను దాచింది ఆ పిల్ల కాలక్షేపాన్ని అనుకున్నాను. దాచింది ఆ పేషెంటు రిపోర్టును.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది చెప్పడం ఎక్కువ కష్టం. ఇన్సిడెంట్ రిజిస్టరు తీసి నేను మొదట రాసింది "ల్యాబ్ నుంచి రిపోర్టు ఆలస్యం" అని. చెయ్యి దానంతటదే అలా రాసేసింది. ల్యాబ్ బయటిది, అడిగేవాళ్లు లేరు. మధ్యాహ్నం దాకా ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చుని, చివరికి కొట్టేసి, ఫోన్లు నేనే తాళంలో పెట్టానని రాసి సంతకం చేశాను. ఇల్లు నడిపేవాళ్లయినా, దుకాణం నడిపేవాళ్లయినా, మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి డబ్బా కొనే ఉంటారు, తేడా వస్తే ఇలాంటి వాక్యమూ రాసే ఉంటారు.

మా పక్కనే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో 1888, 1889ల్లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ క్లోరోఫాం మీద పరిశోధనలు చేయించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు పెట్టుకున్నాడు. మత్తిచ్చేవాడు ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండె గురించి బెంగ అక్కర్లేదని తేల్చారు. కళ్లు చెదరకుండా ఒక్క పని మీదే ఉండాలన్నది మంచి సలహాయే. కానీ క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని తర్వాత రుజువైంది. నా డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా ఆ పెద్దమనిషి గుర్తొస్తాడు. ప్రమాదం ఉన్నది ఒక్క చోటేనని అంత గట్టిగా నమ్మాడు మరి.

ఇంత చెప్పానని ఫోన్లు జేబులో ఉంచుకోండని అనడం లేదు. 2009లో టర్కీలో 200 మంది ఆసుపత్రి సిబ్బంది ఫోన్లు పరీక్షిస్తే 94.5 శాతం ఫోన్ల మీద బ్యాక్టీరియా దొరికింది. చేతులు కడుక్కుని, ఫోను తుడిచి మళ్లీ కాన్యులా పట్టుకునేవాళ్లను నేను చూడలేదు. 2019లో గాంధీ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విద్యార్థుల టిక్‌టాక్ వీడియోలు ఊరంతా చూసింది. మరోవైపు 2022 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో కరెంటు పోతే సెల్‌ఫోన్ వెలుగులో కాన్పు చేశారు. ఫోను ఎవరి చేతిలో, ఎక్కడ, ఎందుకు ఉందన్నదే చూడాలి.

నర్సు సొంత నంబరు మీద వార్డు నడిస్తే నష్టపోయేది నర్సే. అటెండర్లు ఆ నంబరు దాచుకుంటారు. సెలవు రోజున "సిస్టర్, మందు ఎప్పుడు వేయాలి" అని చేస్తారు. కొందరు అర్ధరాత్రి వేరే ఉద్దేశంతో చేస్తారు. పేషెంటు పుండు ఫొటో ఆమె పిల్లలు ఆడుకునే ఫోను గ్యాలరీలో ఉంటుంది. ఇది పేషెంటుకూ మర్యాద కాదు, ఆమెకూ కాదు.

మేం చివరికి చేసుకున్నది చిన్న ఏర్పాటు. వార్డుకంటూ ఒక ఫోను. ఆ నంబరు ల్యాబ్‌కు, డాక్టర్లకు, బ్లడ్‌బ్యాంకుకు. చెప్పిన విలువను సిస్టర్ తిరిగి చదివి వినిపించి, టైముతో సహా రాసుకోవాలి. షిఫ్టు మారితే ఫోను కూడా హ్యాండోవర్. సొంత ఫోన్లు నర్సుల గదిలో బ్యాగుల్లో, తాళం లేకుండా. ఇంటి నుంచి కబురొస్తే రిసెప్షన్ వాళ్లు పైకి వచ్చి చెప్పాలి. చంటిపిల్లల తల్లులు టీ వేళకు మాట్లాడుకోవాలి, దొంగతనంగా కాదు. మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్న మనిషిని నాతో సహా ఎవరూ పిలవకూడదు. చార్టులు మంచాల దగ్గరికి వెళ్లాయి.

వార్డు ఫోను కొనిపించడానికి మేనేజ్‌మెంటు చుట్టూ తిరగాల్సి వచ్చింది. కొన్నాక రీచార్జ్ అయిపోతే మళ్లీ ఎవరో ఒక సిస్టర్ నంబరే దిక్కయ్యేది. చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే పిల్లలు కనబడినప్పుడు ఇప్పటికీ అడుగుతుంటాను, చాలామంది సొంత ఫోనే, సొంత రీచార్జే అంటారు. మీ ఆసుపత్రిలో ఫోన్లు నిషేధించాలని సర్క్యులర్ రాస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, సంతకం పెట్టే ముందు ఒక్క రాత్రి వార్డులో కూర్చోండి. డాక్టరు ఆర్డరు ఎవరి ఫోనుకు వస్తోందో, ఆ ఫోనుకు నెలనెలా డబ్బు ఎవరి జీతంలోంచి పోతోందో చూసి, ఆ డబ్బు ముందు ఆమెకు ఇప్పించండి.