మొదటి గడిలో ఏ కాలేజీ?

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2024లో డిగ్రీ ప్రవేశాల కోసం ఒకే పోర్టల్‌ను తెచ్చింది. ఒక్కో విద్యార్థి 25 ఆప్షన్ల దాకా వరుస క్రమంలో ఇచ్చుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల లాంటిదే. గడులు పాతిక ఉన్నా చరిత్ర చదవాలనుకున్న మా అమ్మాయికి పోటీ రెండింటి మధ్యే: బెథూన్, లేడీ బ్రేబోర్న్. రెండూ ప్రభుత్వ మహిళా కళాశాలలే. రెండూ కలకత్తా విశ్వవిద్యాలయం కిందివే. మరి మొదటి గడి దేనికి?

కోల్‌కతాలోని లేక్ మార్కెట్ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంటున్న తెలుగు కుటుంబం మాది. ఇంట్లో తలో మాట. మా ఆయన దూరం లెక్కగట్టి, పార్క్ సర్కస్‌లోని బ్రేబోర్న్ చాలన్నారు. ఉత్తర కోల్‌కతాలోని హెదువా దాకా రోజూ మెట్రోలో ఏం వెళ్తుందని ఆయన బాధ. విజయవాడ నుంచి మా అత్తయ్య, "చరిత్ర చదివితే ఉద్యోగమెవరిస్తారమ్మా?" అని ఫోన్‌లో నిలదీశారు. నా మొగ్గు మాత్రం బెథూన్ వైపే.

ఎందుకు మొగ్గకూడదు? 1849లో బడిగా మొదలైన ఆ సంస్థలో 1879లో కాలేజీ తరగతులు పెట్టింది ఒక్క అమ్మాయి కోసం. అంతకు ముందు ఏడాది ఎంట్రన్స్ పరీక్ష పాసైన కాదంబిని బసు ఆమె. 1883లో ఆమె, చంద్రముఖి బసు డిగ్రీ పట్టాలు అందుకున్నారు. దేశంలో తొలి మహిళా పట్టభద్రులు వారే. అయితే అది అప్పట్లో హిందూ బాలికల బడి. క్రైస్తవురాలైన చంద్రముఖి ఎఫ్.ఏ. వేరే చోట చదివి, ఆ తర్వాతే అక్కడ అడుగుపెట్టగలిగారు. 1939లో ఫజ్లుల్ హక్ ప్రభుత్వ హయాంలో మొదలైన బ్రేబోర్న్ ప్రధానంగా ముస్లిం అమ్మాయిల చదువు కోసం ఏర్పడింది. అయినా అన్ని మతాల వారికీ తలుపు తెరిచే ఉంచింది.

అదే సమయంలో అమెరికాలో మా అక్క కూతురుదీ ఇలాంటి సంకటమే. బర్నార్డా, వెల్స్‌లీనా అని తేల్చుకోలేక సతమతమైంది. అక్కడ ముందస్తు నిర్ణయం పద్ధతిలో నవంబర్‌లో ఒక్క కాలేజీకే దరఖాస్తు చేయాలి, సీటిస్తే చేరతానని మాటివ్వాలి. రెండోదానికి అదే అవకాశం దాదాపు చేజారినట్టే. మా పోర్టల్ అంత కఠినం కాదు. మార్కులను బట్టి, వరుసలో పై నుంచి కిందికి చూసి సీటు కేటాయిస్తుంది. మొదటి గడిలో అందని కాలేజీ పెట్టినంత మాత్రాన రెండోదానికి అవకాశం తగ్గదు. ఈ సంగతి తెలియక, భయంతో నచ్చినదాన్ని కిందికి తోసేసిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

మా అమ్మాయి రెండు కాలేజీలకూ స్వయంగా వెళ్లి చూసొచ్చింది. మొదటి గడిలో బ్రేబోర్న్ పెట్టింది. వాళ్ల నాన్న మొహం వెలిగిపోయింది. "దగ్గరని కాదు నాన్నా," అంది. "బెథూన్ గురించి పుస్తకాల్లో చదువుకోవచ్చు. పార్క్ సర్కస్ ఇంత దగ్గర్లో ఉన్నా అక్కడ మనకు తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు. నాకు తెలియని వాళ్ల పక్కన కూర్చుని చదువుకోవాలని ఉంది."

నా దగ్గర జవాబు లేదు. కాదంబిని కాలేజీ అని నేను మురిసిపోవచ్చు గానీ, ఆ బెంచీ మీద మూడు నాలుగేళ్లు కూర్చోవాల్సింది తను.

చివరికి మార్కులు రెండో గడిదాకానే తీసుకెళ్లాయి. బెథూన్‌లో చేరింది. మొదటి వారంలోనే ముర్షిదాబాద్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి పక్కన చోటు వెతుక్కుంది. ఆ ఏడాది దసరాకు మా ఇంట్లో పులిహోర ఆ అమ్మాయికి కూడా కలిపాం.