ఢోలక్‌పూర్ కుర్రాళ్లం

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. "హాస్టల్ జీవితం - క్రమశిక్షణ" అని పేరు పెట్టి రెండు పేజీలు రాసి చించేశాను. ఆ విషయం మీద మన పాత సంచికల్లో నాకన్నా బాగా రాసిన అన్నయ్యలు ఉన్నారు. అందుకని నాకు బాగా తెలిసిన విషయం ఒకటి రాస్తున్నాను. అది ఛోటా భీమ్. ఎం.కాం. చదివేవాడు బొమ్మల సీరియల్ గురించి రాయడమేంటని నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

2011 జూన్‌లో నేను నాలుగో తరగతిలో ఈ హాస్టల్లో చేరాను. మా ఊరు నాగాయలంక అవతల. మా అమ్మ ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బందరు బస్టాండు నుంచి నడిపించుకుని వచ్చింది. పెట్టె దించి, వార్డెన్ గారికి దణ్ణం పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు సాయంత్రం భోజనాల హాల్లో టీవీ పెట్టారు. కాషాయం రంగు పంచె కట్టుకున్న ఒక పిల్లాడు రౌడీలని గిరగిరా తిప్పి విసిరేస్తున్నాడు. ఆ అరగంటా నాకు మా అమ్మ గుర్తు రాలేదు. ఛోటా భీమ్‌తో నా పరిచయం అలా మొదలైంది.

రిమోట్ పదో తరగతి అన్నయ్యల చేతిలో ఉండేది. ఆదివారం సినిమా వాళ్లది, క్రికెట్ వాళ్లది. ఆటలకీ స్టడీ అవర్‌కీ మధ్య దొరికే అరగంట మాత్రం మా చిన్నపిల్లలది. భీమ్ వయసు తొమ్మిదేళ్లు. అప్పుడు నాకూ తొమ్మిదే. మా బ్యాచ్‌లో అందరం అటూ ఇటూగా అంతే. అందుకే వాడు మా గదిలోవాడే అనిపించేది.

ఒక్కటే ఇబ్బంది. మా కేబుల్లో పోగో హిందీలో వచ్చేది. మాకు హిందీ అక్షరం ముక్క రాదు. ఆరో తరగతి దాకా ఆ పుస్తకమే లేదు. మా బ్యాచ్‌లో ఒక్కడికి మాత్రం వచ్చు. వాడి పేరు ఇక్కడ రాయను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. వాళ్ల అమ్మానాన్నలు హైదరాబాదులో బిల్డింగు పనులకి వెళ్లినప్పుడు మూడేళ్లు అక్కడే పెరిగాడు. వాడు టీవీ ముందు మా వైపు తిరిగి కూర్చుని, మాట మాటకీ తెలుగు చెప్పేవాడు. భీమ్ మాటకి గొంతు పెంచేవాడు. చుట్కీకి గొంతు సన్నం చేసేవాడు. రాజా ఇంద్రవర్మ మాట్లాడితే తువ్వాలు భుజాన వేసుకునేవాడు. మేము సగం బొమ్మని చూసేవాళ్లం, సగం వాడిని చూసేవాళ్లం.

దీపాలు తీసేశాక వాదనలు మొదలయ్యేవి. ఢోలక్‌పూర్ ఎక్కడుంది? స్కూల్లో అట్లాసు తిరగేసి, ఉత్తరాదిలో ఎక్కడో ఉంటుందిలే అనుకున్నాం. భీమ్ గొప్పా, కృష్ణ గొప్పా? భీమ్ గొప్పా, బెన్ 10 గొప్పా? స్కూలుకి ఇళ్ల నుంచి వచ్చే పిల్లల్లో కొందరి దగ్గర బెన్ 10 బ్యాగులు, వాచీలు ఉండేవి. మా దగ్గర లేవు. కాబట్టి హాస్టలంతా భీమ్ పార్టీ. "వాచీ పోతే మీ బెన్ మామూలు పిల్లాడేగా!" అని మేమంటే, "లడ్డూ లేకపోతే మీ భీమ్ మాత్రం?" అని వాళ్లు అనేవాళ్లు. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ సంవత్సరం పంద్రాగస్టుకి ఎవరో దాత బందరు లడ్డూలు పంపారు. మనిషికొకటి. తిన్న వెంటనే వరండాలో దండీలు తీశాం, బలం వచ్చిందేమో చూద్దామని. ఎవరికీ ఏమీ రాలేదు, ఇద్దరికి మాత్రం వాంతులొచ్చాయి. వంట చేసే అమ్మమ్మ నవ్వి, "బలం లడ్డూలో ఉండదురా, దాన్ని తొక్కినోడి చేతుల్లో ఉంటది" అంది. అప్పుడు అర్థం కాలేదు. బందరు లడ్డూని ఊరికే తొక్కుడు లడ్డూ అనరు. శనగపిండిని నూనెలో పూసలా తీసి, దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి, మళ్లీ రోట్లో రోకళ్లతో నెయ్యి కలిసేదాకా దంచాలి. అమ్మమ్మ ఒకప్పుడు ఆ పనికి వెళ్లిన మనిషి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక రాత్రి వాదనలో మా హిందీ పండితుడు ఒక ప్రశ్న వేశాడు. "లడ్డూలు కాలియా కూడా తింటాడు కదరా, దొంగిలించి మరీ తింటాడు. మరి కాలియాకి బలం రాలేదేం?" మంచి ప్రశ్న. ఇప్పుడు ఆలోచిస్తే మా బ్యాచ్‌లో ఎవరూ అంతకన్నా మంచి ప్రశ్న వేయలేదు. నాకు జవాబు తోచక ఉక్రోషం వచ్చింది. "నువ్వు కాలియా పార్టీయా? చూడ్డానికీ అలాగే ఉన్నావులే" అన్నాను. గది గదంతా పగలబడి నవ్వింది. వాడు నల్లగా, బొద్దుగా ఉండేవాడు. తెల్లారేసరికి వాడి పేరు కాలియా అయిపోయింది. కంచాల దగ్గర కాలియా, స్నానాల దగ్గర కాలియా, ఆటలో ఓడించడానికి ఎప్పుడూ కాలియా. ఇద్దరు చిన్నపిల్లలు ఢోలు, భోలు అని చెప్పుకుని వాడి వెనక నడిచేవాళ్లు.

వాడు కొట్లాడలేదు. వార్డెన్ గారికి చెప్పలేదు. టీవీ దగ్గర తెలుగు చెప్పడం కూడా మానలేదు. అందుకే వాడికేమీ అనిపించలేదని అనుకున్నాం. ఆరో తరగతిలో హిందీ పుస్తకం వచ్చాక "కాలా" అంటే నలుపు అని చదివాను. అప్పుడు తెలిసింది. ఆ పేరుకి అర్థం మా గదిలో మొదటి నుంచీ తెలిసినవాడు వాడొక్కడే. అన్నీ తెలుగులో చెప్పినవాడు ఆ ఒక్క మాటా మాకు చెప్పలేదు.

2015 సంక్రాంతికి ఇంటికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. అప్పుడు ఏడో తరగతి. వాళ్ల నాన్నకి ఆరోగ్యం బాగాలేదని, రొయ్యల చెరువు మీద పనికి కుదిరాడని తర్వాత విన్నాం. మా వల్లే మానేశాడని నేను అనను. మా వల్ల కాదని కూడా అనలేను. నవ్వే గదికి తిరిగి రావడం ఎవరికైనా కష్టమే. ఆ సాయంత్రం టీవీ పెడితే బొమ్మలు కదులుతున్నాయి గానీ మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగు రోజులకి చిన్నపిల్లలు కూడా చూడటం మానేశారు. భీమ్ గొప్పదనం అనుకున్నదాంట్లో సగం వాడిదేనని అప్పుడు తెలిసింది.

పెద్దయ్యాక భీమ్ గురించి దొరికినవన్నీ చదివాను. ఢోలక్‌పూర్ ఏ ఉత్తరాదిలోనూ లేదు, అది పుట్టింది మన హైదరాబాదులో! రాజీవ్ చిలక గారు అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం వదిలి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని, 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. ఛోటా భీమ్ పోగోలో మొదలైంది 2008లో. నేనిప్పుడు చదువుతున్న కృష్ణా విశ్వవిద్యాలయం కూడా ఆ ఏడే పుట్టింది. మేము రాత్రుళ్లు కొట్టుకున్న భీమ్, కృష్ణ ఇద్దరూ ఒకే కంపెనీ పిల్లలు. ఇద్దరూ కలిసి చేసిన కథలూ ఉన్నాయి. మన జిల్లాకీ ఒక భీముడున్నాడు. 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాల్ గారిది ఉయ్యూరు దగ్గర గండిగుంట. ఆయన నిజంగా బరువులెత్తిన వస్తాదు. ఆ కండలు ఏ లడ్డూతోనూ రాలేదు. అమ్మమ్మ చెప్పింది ఇదే.

2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మైటీ లిటిల్ భీమ్ వచ్చింది. భీమ్ అందులో పాకే పాపాయి. మాటలుండవు. అందుకే ఏ దేశంలో పిల్లలైనా చూడొచ్చు. అందులో వాళ్లమ్మ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. మేము హాస్టల్లో చూసిన కథల్లో ఆమె కనిపించిన గుర్తు నాకు లేదు. ఉంటే బాగుండేదేమో.

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డాను. బెంచీ మీద ఒకతను చంటివాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోను పట్టుకున్నాడు. పిల్లాడు పాకే భీమ్‌ని చూస్తున్నాడు. తలెత్తి నన్ను చూసి "ఏరా!" అన్నాడు. వాడే. ఆ పిల్లాడు అక్క కొడుకట. చెరువు మీదే ఉంటున్నాడట. నేనేం చేస్తున్నావని అడిగాడు. ఎం.కాం. అంటే "మీ ఇంట్లో నువ్వే మొదలా? మీ అమ్మ ఆ పెట్టె మోసినందుకు సార్థకం" అన్నాడు. పన్నెండేళ్ల కిందటి పెట్టె వాడికి గుర్తుంది!

ఏం మాట్లాడాలో తోచక ఫోను వైపు చూపించి "ఇంకా చూస్తున్నావా?" అన్నాను. "వీడు చూస్తాడు. దీంట్లో మాటల్లేవు, నేను చెప్పక్కర్లేదు" అని నవ్వాడు.

"అప్పుడు ఆ పేరు పెట్టింది నేనేరా" అన్నాను. "తెలుసు" అన్నాడు. కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. బస్సు వచ్చింది. పిల్లాడిని భుజానికెత్తుకుంటూ అన్నాడు, "కాలియా కూడా ఢోలక్‌పూర్ వాడేరా. ఊరికి ఆపదొస్తే భీమ్ పక్కన వాడూ నిలబడతాడు. మీరెవరూ అది చూడలేదు."

నేను క్షమించమని అడగలేదు. నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి వాడికి నేనే తీసుకెళ్లి ఇస్తాను.

తమ్ముళ్లూ, మీ గదిలో ఇప్పుడు ఎవరి బొమ్మలు నడుస్తున్నాయో నాకు తెలియదు. వాదించుకోండి, తప్పులేదు. నాకు మాట్లాడటం వచ్చింది ఆ వాదనల్లోనే. కానీ మీ గదిలో కూడా ఒక కాలియా ఉంటాడు. వాడిని వాడి పేరుతో పిలవండి. పండక్కి వెళ్లినవాడు తిరిగి రాకపోతే ఒక ఉత్తరం రాయండి, లేదా ఫోను చేయండి. మేము చేయలేదు.

భీమ్‌కి ఇప్పటికీ తొమ్మిదేళ్లే. మనకి అలా కుదరదు కదా!