రాత్రి తొమ్మిదిన్నరకి నేను పెట్టిన వర్క్‌షీట్



నేను మీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. ఈ నెల గ్రామర్ పక్కనపెట్టి నిద్ర గురించి రాస్తున్నాను. ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

నాచారం నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరున్నారు. (ఆమెనూ, వాళ్ల అమ్మగారినీ అడిగే ఇది రాస్తున్నాను.) ప్రశ్న అడిగితే ముందు లేచే చెయ్యి ఆమెదే. అలాంటిది కొన్ని వారాలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఒకరోజు పాఠం చదవమంటే, "నాకు రాదు, వదిలేయండి మేడమ్" అంది. "ఈ మధ్య నీకు పొగరెక్కువైంది" అన్నాను, అందరి ముందే. బెంచీ మీద తల పెట్టి ఏడ్చేసింది.

సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?"

"పన్నెండున్నరకి మేడమ్."

"లేచింది?"

"ఐదున్నరకి. ఆరు నలభైకి బస్సు."

ఐదు గంటలు! ఎందుకంత ఆలస్యమంటే, ట్యూషన్ నుంచి వచ్చేసరికే ఎనిమిదిన్నర. తర్వాత భోజనం, హోంవర్క్. "మీ వర్క్‌షీట్ గ్రూపులో తొమ్మిదిన్నరకి వచ్చింది మేడమ్" అంది మెల్లగా. "పడుకున్నా నిద్ర పట్టట్లేదు. రేపు టెస్ట్ అనుకుంటే గుండె దడదడమంటుంది."

నేను పొగరు అనుకున్నది అలసట. అందులో నా వాటా కూడా ఉంది.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. టీనేజీలో ఒంట్లోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. చిన్నప్పటిలా తొందరగా నిద్ర రాదు. అది బద్ధకం కాదు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర తగ్గితే చిన్న మాటకే కోపం, ఏడుపు వస్తాయి. దిగులు నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర దిగులును పెంచుతుంది.

ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ ఉంటే, మర్నాడు మొదటి పీరియడ్ అంతా ఆవలింతలే. ఒక్క రాత్రికి ఫరవాలేదు. రోజూ అదే అయితేనే కష్టం. నాచారంలో షిఫ్టు డ్యూటీ చేసే నాన్న కోసం మేలుకుని కూర్చునే పిల్లలూ నా క్లాసులో ఉన్నారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఆ కబుర్లు పొద్దున టిఫిన్ దగ్గరకో, ఆదివారానికో మార్చి చూడండి.

లెక్క వెనకనుంచి వేయండి. ఐదున్నరకి లేవాలంటే తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. ఫోన్లన్నీ రాత్రి హాల్లోనే చార్జింగ్ పెట్టండి, మీవి కూడా. ట్యూషన్ వల్ల అది కుదరకపోతే మాతో మాట్లాడండి. మార్కులు తగ్గాయని ముందుగా నిద్రలో కోత పెట్టకండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దిగులు తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చావు మాట పిల్లల నోట వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

ఆ అమ్మాయికి మర్నాడు క్లాసులోనే సారీ చెప్పాను. ఇప్పుడు వాళ్లింట్లో పదింటికి లైట్లు ఆర్పేస్తున్నారట. అన్నీ సర్దుకున్నాయని చెప్పను, కానీ మొన్న మళ్లీ చెయ్యెత్తింది.

నా వరకు నేను సాయంత్రం ఆరు దాటాక గ్రూపులో ఏ పనీ పెట్టను. మీరూ ఒక సాయం చేయండి. హోంవర్క్ పూర్తికాకుండానే నిద్రవేళైతే, డైరీలో "పడుకోబెట్టాం" అని రాసి సంతకం పెట్టి పంపండి. నేను ఒక్క మాట కూడా అనను.