ఎవడి మనిషి వాడు?

మొన్న ఆదివారం మా మనవడి ఫుట్‌బాల్ ఆట చూడబోయాను. వాడు బెంగుళూరులోనే పుట్టి పెరిగినవాడు. వెనుక వరుస నలుగురిలో ఎడమ కొసన ఆడతాడు. అంతవరకూ వాడి పక్కనే తచ్చాడుతున్న ఎదుటి కుర్రవాడొకడు చటుక్కున మధ్యకు దూరి గోలు కొట్టాడు. నేను ఊరుకోలేక, పదిమందిలో, "నీ మనిషిని వదిలేశావేమిరా!" అని కేకవేశాను.

ఇల్లు చేరేదాకా వాడు నోరు విప్పలేదు. భోజనాల దగ్గర అన్నాడు: "తాతా, నాకు మనిషి లేడు. చోటుంది. వాణ్ణి పక్కవాడికి అప్పగిస్తూ అరవడం ఆలస్యమయింది. తప్పు నాదే గాని, నువ్వన్న తప్పు కాదు."

ఇక గ్లాసులు పేర్చి పాఠం మొదలుపెట్టాడు. బంతి కుడికి పోతే నలుగురూ కుడికి జరుగుతారు. దగ్గరున్నవాడు ఎదురు పోతాడు. పక్కవాడు కాస్త వెనక్కి తగ్గి అండగా నిలుస్తాడు. దూరపు కొసన ఎదుటివాడొకడు ఒంటరిగా మిగులుతాడు. మిగలనీ! బంతి అంతదూరం వచ్చేలోగా వరుస ఇటు జరగవచ్చు. చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి బట్టి చేతులు పట్టుకున్న వరుస ఊగుతుంది చూడండి, అలాగన్నమాట.

మనిషి వెంట మనిషిని తోలడానికి పేరుపడ్డ ఇటలీలోనే, 1987లో మిలాన్ జట్టుకు శిక్షకుడుగా వచ్చిన అర్రిగో సాక్కీ ఈ పద్ధతి నేర్పాడట. ఆయన పెద్ద ఆటగాడేమీ కాదు, జోళ్ల వ్యాపారంలో పనిచేసినవాడు. బంతే లేకుండా, ఉన్నట్టు ఊహించుకొని, వరుసంతా కలిసి జరగడం సాధన చేయించేవాడు. 1989 ఏప్రిల్‌లో ఆ జట్టు రియల్ మాడ్రిడ్‌ను 5-0తో ఓడించింది.

వింటూంటే నాకు 1971 నాటి మా కాలేజీ ఆట గుర్తుకొచ్చింది. "వాడు మంచినీళ్లకు పోయినా వెంటపో" అని నాకు ఆజ్ఞ. నేను అక్షరాలా పాటించాను. వాడు నన్ను మైదానం అంచుదాకా లాక్కుపోయాడు. నేను ఖాళీచేసిన చోట్లో ఇంకొకడు దూరి గోలు కొట్టాడు. ఓడిపోయాం. నా మనిషి గోలు కొట్టలేదు గనుక నన్నెవరూ ఏమీ అనలేదు. మధ్యలో ఆడిన మిత్రుణ్ణి మాత్రం అందరూ దులిపేశారు. నేనూ ఒక మాట అన్నాను.

ఈ సంగతి మనవడితో చెప్పాను. వాడు ఒక గ్లాసు జరిపి, "ఆ ఖాళీ నీదే తాతా" అన్నాడు.

ఆ మిత్రుడు ఇప్పుడు హోసూరులో ఉన్నాడని విన్నాను. నంబరు కోసం వెదుకుతున్నాను.