రెండు నిమిషాల విమానయానం

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లు మాత్రమే కాగా, 1967లో లోగన్‌ఎయిర్ సంస్థ ప్రారంభించిన ఈ సర్వీసు ప్రపంచంలోకెల్లా అతి తక్కువ దూరపు షెడ్యూల్డ్ విమానయానంగా, అనగా ముందే ప్రకటించిన వేళల ప్రకారం నడిచే ప్రయాణంగా, గుర్తింపు పొందింది. వేళల పట్టికలో దీనికి కేటాయించిన వ్యవధి దాదాపు రెండు నిమిషాలు. గాలి అనుకూలించినప్పుడు నమోదైన అత్యల్ప సమయం 53 సెకన్లు.

దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణకాలం వస్తుందన్న బడిలెక్క ఇక్కడ అంతగా పొసగదు. ఎందుకంటే సుదూర ప్రయాణంలో అధిక భాగం క్రూయిజ్ దశలో, అంటే విమానం ఒకే ఎత్తులో నిలకడైన వేగంతో సాగే దశలో గడుస్తుంది గాని, ఈ దారిలో నడిచే బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ అనే రెండు ఇంజిన్ల చిన్న విమానం పైకి లేచిన కొద్దిసేపటికే దిగేందుకు సిద్ధపడవలసి వస్తుంది. కాబట్టి గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నది, ఏ రన్‌వేపై ఎటువైపుగా దిగాలి అనేవే వ్యవధిని ప్రధానంగా నిర్ణయిస్తాయి. అయినా ఇది కేవలం వింత కాదు. సముద్రం చీల్చిన ఊళ్లకు ఉపాధ్యాయులను, వైద్యులను, రోగులను చేరవేసే నిత్యావసర రవాణా.